రాయికి కాలు తగిలిన ఏడాది

శాండ్రింగ్‌హామ్ కిరాణా షాపులో కరివేపాకు కట్టలు ఏరుకుంటుంటే ఎవరో ఒకావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ వీడియోలో ఉన్నది మీరే కదండీ అంది. నేనే అన్నాను. మన సంస్కృతిని నిలబెట్టారంది, పిల్లలకి కూడా చూపించానంది, చూస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంది. నేను చేతిలోని కట్ట అక్కడే పడేసి, ఏమీ కొనకుండా బయటికొచ్చి, కార్లో కూర్చుని స్టీరింగ్ మీద రెండు గుద్దులు గుద్దాను. హారన్ మోగింది. పక్క కారులో ముసలాయన ఉలిక్కిపడి నా వంక చూశాడు. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆ వీడియో పదకొండు సెకన్లు. అందులో నేను మంచు మీద చీపురుతో గబగబా ఊడుస్తూ ఉంటాను. ఉన్నట్టుండి వంగి, ఒక రాయిని చేత్తో తాకి కళ్ళకద్దుకుంటాను. అంతే. దాని కింద వందల మంది దణ్ణాల బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత నా నోట్లోంచి ఏం ఊడిపడిందో అందులో లేదు. అది అబద్ధమని తెలిసినవాళ్ళం మా జట్టులో నలుగురమే. అందుకే ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆట పేరు కర్లింగ్. మా అత్తగారికి ఫోన్లో వివరించి చెబితే, మంచు ఊడవడానికి అంత దూరం వెళ్ళావుటే అంది. ఒక రకంగా నిజమే. పైన పిడి ఉన్న బరువైన గ్రానైట్ రాయిని మంచు మీద ఒకరు తోస్తారు. అది జారుకుంటూ అవతలి చివర గీసిన రంగు వలయాల వైపు పోతుంది. దాని ముందు ఇద్దరు మంచును ఊడుస్తూ పరిగెత్తాలి. ఊడిస్తే రాయి ఇంకాస్త దూరం పోతుంది. చివరికి ఎవరి రాయి వలయం నడిమధ్యకి దగ్గరగా ఉంటే వాళ్ళకి పాయింటు. ఇందులో తగవు తీర్చే అంపైర్ ఉండడు. కదులుతున్న రాయికి మీ బూటో చీపురో తగిలితే మీరే చెప్పాలి. మీరు చెప్పిందే మాట. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మనవాళ్ళతో ఇలాంటి ఆట ఆడిస్తే సాయంత్రానికల్లా తలకాయలు పగులుతాయనుకున్నాను.

నన్ను ఇందులోకి లాగింది మా పక్కింటి అంకుల్. మౌంట్ రాస్కిల్‌లో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక చెక్క కంచె, దాని మీద పాకిన ఆయనగారి చిక్కుడు తీగ, అంతే అడ్డం. ఆయన ఫిజీలో పుట్టిన తెలుగాయన. చెరకు తోటల పనికి వెళ్ళిన ముత్తాతల నుంచి ఇంట్లో మిగిలిన తెలుగు ఆయనది. దాన్ని మాటకి మాట వెతుక్కుంటూ, మధ్యలో హిందీ కలిపి, నిదానంగా మాట్లాడతారు. ఈ దేశం వచ్చిన కొత్తలో దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో ఉన్నారట. అక్కడ చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీద గొర్రెల పెంపకందార్లతో కలిసి ఈ ఆట నేర్చుకున్నారు. ఆంటీ పోయాక మనిషి మరీ ఒంటరైపోతున్నారని మా ఆయన ఒక ఆదివారం ఆయనతో ఈ మంచు ఆట ఆడే రింక్‌కి వెళ్ళాడు. జట్టుకి ఇంకా ఇద్దరు తక్కువన్నారు. నేనొకదాన్ని, నాతో పాటు ఆఫీసులో పనిచేసే హైదరాబాద్ ఆవిడ ఒకరు. అలా నలుగురమయ్యాం. ఆరేళ్ళయింది.

ఆయన బతికిన పని వేరు. కప్పుల మీద, షీల్డుల మీద, ఇళ్ళ గుమ్మాల ముందు పెట్టే పలకల మీద పేర్లు చెక్కేవారు. షాపు అమ్మేసినా పనిముట్లు గరాజ్‌లో ఉంచుకున్నారు. మా క్లబ్బు ఏటా జులైలో, అంటే ఇక్కడి చలికాలంలో, పెట్టే టోర్నమెంట్ ఉంది. గెలిచిన జట్టులో నలుగురి పేర్లూ ఒక ఇత్తడి పలక మీద చెక్కి, కాఫీ గదిలో గోడకున్న పెద్ద చెక్క బోర్డుకి బిగిస్తారు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ పలకలన్నీ చెక్కింది అంకులే. పైసా తీసుకోరు. ఆ బోర్డు ముందు నిలబెడితే ఒక్కో పలక గురించి ఒక్కో కథ చెబుతారు. ఈ తండ్రీకొడుకులు కలిసి గెలిచారు, మర్నాటి నుంచి ఎవరు బాగా ఆడారని వాదించుకుని రెండేళ్ళు మాట్లాడుకోలేదు. ఈవిడ పళ్ళ డాక్టరు, చేతికి కట్టుతోనే ఫైనల్ ఆడింది. ఇదిగో ఈ పేరు చూడు, ఆరుసార్లుంది, అని వేలు పెట్టి చూపిస్తారు. ఆ ఆరుసార్ల మనిషి ఇప్పటికీ ఆడుతున్నాడు. పొడుగ్గా ఉంటాడు, మర్యాదగా మాట్లాడతాడు, ఓడిపోవడం మాత్రం ఆయనకి అలవాటు లేదు.

అంకుల్ మూడుసార్లు ఫైనల్ దాకా వెళ్ళి ఓడారు. మూడుసార్లూ గెలిచినవాళ్ళ పేర్లు తనే చెక్కి, తనే స్టూలెక్కి మరలు బిగించారు. నాకైతే సుత్తి తీసుకుని బోర్డునే పగలగొట్టాలనిపించేది. ఆయన మాత్రం పలక మీద గుడ్డతో తుడిచి దిగేవారు. ఒక్కసారే, ఆంటీ సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక, నాతో అన్నారు. అందరి పేర్లూ చెక్కిన చెయ్యి, ఒక్కసారి తన పేరు చెక్కుకోవాలని ఉందని. అన్నాక సిగ్గుపడి మజ్జిగ అడిగారు.

రెండేళ్ళ నుంచీ ఆయన చూపు తగ్గుతోంది. పక్కలన్నీ కనబడతాయి, చూపు నిలిపినచోటే నడిమధ్య మసక. రోడ్డు మీద మనిషి నడక చూసి ఎవరో చెబుతారు కానీ, చేతిలో ఉన్న కాగితం చదవలేరు. పోయినేడు పలక మీద అక్షరాలు పెన్సిల్‌తో నేను గీసిపెడితే, ఆ గీతల మీద ఆయన వేలితో తడుముకుంటూ చెక్కారు. వచ్చే ఏటికి అది కూడా కుదరదని డాక్టర్ చెప్పేశాడు. అంటే ఈ జులై ఒక్కటే మిగిలింది. ఈ సంగతి ఆయన మాకు చెప్పలేదు. ఆస్పత్రికి కార్లో తీసుకెళ్ళిన మా ఆయన చెప్పాడు. ఇక మేం ముగ్గురం పట్టుబట్టి ప్రాక్టీస్ చేశాం. నా మోకాళ్ళు వాచాయి. ఇంట్లో మూడు నెలలు పచ్చడి మెతుకులే. ఈ ముసలాయన పేరు ఆ గోడ మీదికి ఎక్కాల్సిందే అని నాకు మొండితనం పట్టుకుంది.

ఫైనల్లో మాకు ఎదురుపడింది ఆరుసార్ల మనిషి జట్టే. ఆట చివరి రౌండుకి వచ్చేసరికి చెరి సమానం. మాది ఒక్క రాయి మిగిలింది. వలయం నడుమ దగ్గర వాళ్ళ రాయి ఉంది, దానికన్నా దగ్గరికి మాది పోతే గెలుపు. ఆ రాయి తోసేది అంకుల్. వంగలేరు కాబట్టి పొడుగు కర్రతో తోస్తారు. మా ఆయన అవతలి చివర వలయంలో నిలబడి, కనబడేలా చీపురు అడ్డంగా పెట్టి గురి చూపించాడు. అంకుల్ తోశారు. ఆహా, ఎంత చక్కగా వచ్చిందో ఆ రాయి. నేనూ హైదరాబాద్ ఆవిడా చెరో పక్క ఊడుస్తూ పరిగెత్తాం. కాస్త బలం తక్కువైంది, ఊడవమని మా ఆయన గొంతు చించుకుంటున్నాడు. వలయంలోకి వచ్చేసింది. ఇంకో జానెడు పోతే చాలు. నేను రాయికి మరీ దగ్గరగా జరిగాను.

బూటు కొన తగిలింది.

చాలా మెల్లిగా తగిలింది. రాయి దారి మారిందో లేదో నాకూ తెలియదు. అది ఇంకో జానెడు జారి, వాళ్ళ రాయికన్నా లోపలికి వెళ్ళి ఆగింది. నా ఒళ్ళు అడ్డంగా ఉండటం వల్ల తగలడం ఎవరూ చూడలేదు. అక్కడితో నేను లేచి నిలబడి చేతులు పైకెత్తి కేకలు పెట్టి ఉంటే అయిపోయేది. కానీ మన చెయ్యి మన మాట వింటుందా? పుస్తకానికి కాలు తగిలినా, మనిషికి తగిలినా, బియ్యం బస్తాకి తగిలినా కళ్ళకద్దుకోమని చిన్నప్పుడు మా అమ్మ తొడపాశం పెట్టి నేర్పింది. ఆగిన రాయి మీద నా కుడిచెయ్యి వాలి, రెండు కళ్ళకీ తగిలి దిగిపోయింది. అప్పటిగ్గానీ నాకు స్పృహ రాలేదు. గోడ దగ్గర ఎవరో ఫోన్ పట్టుకుని ఉన్నారు.

ఆరుసార్ల మనిషి దగ్గరికొచ్చి, అదేమిటని అడిగాడు. అనుమానంతో కాదు, నిజంగా తెలియక. నేను నవ్వుతూ, ఏం లేదు, అదృష్టం కోసం మావాళ్ళ అలవాటు అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. తడుముకోలేదు కూడా. ఆయన కూడా నవ్వి, బాగుందన్నాడు, చెయ్యి కలపడానికి గ్లవ్ తీస్తున్నాడు. మా ఆయనకి తెలుసు, రాయిని ఎందుకు కళ్ళకద్దుకున్నానో. ఆయన చీపురు కుచ్చులోని మంచు దులుపుకుంటూ తల ఎత్తలేదు. హైదరాబాద్ ఆవిడకీ తెలుసు. ఆవిడ వెళ్ళి బూటు లేసు కట్టుకుంది. ముగ్గురం కలిసి దొంగలమయ్యాం.

అప్పటికి అంకుల్ కర్ర ఊతంగా మంచు మీద మెల్లిగా నడుచుకుంటూ, నా మాట వినబడేంత దగ్గరికి వచ్చేశారు. నేను వంగడం ఆయన దూరం నుంచే చూశారు. ఆయనకి అక్షరం కనబడదు గానీ, ఆ వంగడం ఏమిటో తెలియకపోదు కదా. నా పక్కన నిలబడి, వాళ్ళకి అర్థం కాకుండా తెలుగులో అడిగారు.

"కాలు తగిలిందా, అమ్మాయ్?"

నేను ఊరుకోండి అంకుల్ అని కళ్ళతోనే బతిమాలాను. ఆ కళ్ళు ఆయనకి కనబడవని అప్పుడు గుర్తులేదు.

ఆయన తిరిగి ఆరుసార్ల మనిషితో ఇంగ్లీషులో చెప్పేశారు. ఆమె కాలు రాయికి తగిలింది, మాకు కాలు తగిలితే అలా చేస్తాం, ఇక మీ ఇష్టం అన్నారు. నిజంగానే ఇక వాళ్ళ ఇష్టమే. రూలు ప్రకారం అవతలి జట్టు కెప్టెన్ ఆ రాయిని అక్కడే ఉంచొచ్చు, తీసేయొచ్చు. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని రాయి వంక చూశాడు. బోర్డు మీద ఆరు పలకలున్న మనిషి. ఏడోది లేకపోతే ఆయనకి అన్నం దిగదా? చూశాడు, చూశాడు. సారీ అన్నాడు. బూటుతో మా రాయిని పక్కకి నెట్టేశాడు. రూలు ఆయన పక్షానే ఉంది, నేనేమీ అనడానికి లేదు. అయినా అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పటికీ దిగలేదు.

అసలు మంట బహుమతుల దగ్గర. అంకుల్ పాపం అడిగినవాళ్ళందరికీ మన అలవాటు గురించి ఓపిగ్గా వివరించారు. అది విని క్లబ్బు ప్రెసిడెంట్ కరిగిపోయాడు. వీళ్ళ సంస్కృతిలో రాయిని కూడా గౌరవిస్తారు, ఇదీ అసలైన ఆట స్ఫూర్తి అంటూ మైకులో అరగంట దంచి, నన్ను పైకి పిలిచి, చీపురు బొమ్మ ఉన్న కాఫీ కప్పు ఒకటి చేతిలో పెట్టాడు. చప్పట్లు. నేను అబద్ధమాడాను మొర్రో అని అరవాలనిపించింది. అదృష్టం అన్నాను కదా, ఒక్కడికైనా గుర్తుందా? రూలు తెలియక అంది పాపం అనుకున్నారు. చీర కట్టుకునే దేశం నుంచి వచ్చినదానికి అబద్ధం ఆడేంత తెలివి కూడా ఉండదని కాబోలు. చివరికి ఆరుసార్ల మనిషి, ఏడుసార్లు అనాలి ఇప్పుడు, తన ట్రోఫీని నేల మీద పెట్టి, కావాలని బూటుతో తట్టి, వంగి తాకి కళ్ళకద్దుకున్నాడు. గది గదంతా నవ్వింది. ప్రేమగానే నవ్వారు, తెలుసు. ఆ ప్రేమ ఎవరిక్కావాలి? అంకుల్ కూడా నవ్వుతూ కనబడ్డారు. ఈయనకి పౌరుషం లేదా అని పళ్ళు నూరుకున్నాను.

ఇంటికి వస్తుంటే కార్లో నేను ఆగలేకపోయాను. ఆ ప్రెసిడెంటుని తిట్టాను, ఆ ఏడుసార్ల వాణ్ణి తిట్టాను, బోర్డుని తిట్టాను, వీడియో తీసినవాణ్ణి తిట్టాను. చివరికి వెనక సీటు వైపు తిరిగి, మీకసలు కోపం రాలేదా అంకుల్ అని అడిగాను.

"వచ్చింది."

"ఎవరి మీద?"

"నీ మీద."

నాకు తల కొట్టేసినట్టయింది. కాలు తగలడం నా తప్పా, కావాలని తగిలించానా అని అరిచాను. కాలు తగిలితే ఏముంది, ఎవరికైనా తగులుతుంది అన్నారు ఆయన. కాసేపు మాటలు వెతుక్కున్నారు. అదృష్టం కోసం అన్నావు చూడు, అందుకు అన్నారు. మీ కోసమే కదా అన్నాను, మీ పేరు ఎక్కాలనే కదా నేను అంత పాపం మూటగట్టుకుంది, మీరొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదా అన్నాను. పెద్దాయనతో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను.

"ఆ పేరు చెక్కేది నేనే కదా అమ్మాయ్. చెయ్యి ఎట్లా ఆడుతుంది?"

మా రోడ్డు వచ్చింది. దిగేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకోబోతే వద్దన్నారు. గేటు తడుముకుంటూ వెళ్ళిపోయారు.

మూడు వారాలు ఆయన కంచె దగ్గరికి రాలేదు. చిక్కుడుకాయలు ముదిరిపోయి వేలాడుతుంటే నేనే మా వైపువి కోసి, గిన్నెలో పెట్టి గుమ్మం ముందు ఉంచి వచ్చాను. గిన్నె కడిగి తిరిగొచ్చింది, మనిషి రాలేదు. క్లబ్బు వాళ్ళు మాత్రం సిగ్గు లేకుండా ఆయనకి ఫోన్ చేసి, ఈ ఏడు పలక ఎప్పుడిస్తారని అడిగారట. అది విని నాకు పిచ్చెక్కింది. మా ఆయనతో, ఎవడి పలక వాణ్ణే చెక్కుకోమను, బజార్లో మిషన్లున్నాయి అన్నాను. మా ఆయన ఆ మాట అంకుల్‌కి చెప్పలేదు కాబోలు, ఒక శనివారం పొద్దున అంకుల్ కంచె అవతల నుంచి నన్ను పిలిచారు. గరాజ్‌కి రమ్మన్నారు.

బల్ల మీద దీపం వెలుగుతోంది. కొత్త ఇత్తడి పలక, పక్కన గెలిచిన నలుగురి పేర్లున్న కాగితం. పెన్సిల్ గీతలు గీయడానికి పిలిచారనుకున్నాను. ఆయన కరెంటుతో నడిచే చెక్కుడు పెన్ను నా చేతికిచ్చారు. ఇక తనవల్ల కాదన్నారు, నన్నే చెక్కమన్నారు. ఆ మనిషి పేరు నేను చెక్కను అన్నాను. నీ పేరు చెక్కమనలేదు కదా, చెక్కు అన్నారు. కోపంగా కూడా అనలేదు. ముందు దీని మీద చెయ్యి అలవాటు చేసుకో అని పాత ఇత్తడి ముక్క ఒకటి బల్ల మీదికి తోశారు.

ఏం రాయాలని అడిగాను. ఏదైనా రాయమన్నారు.

పెన్ను చేతిలో కందిరీగలా గింజుకుంటోంది. ఇంటిపేరు, తర్వాత పేరు, పక్కన ఈ ఏడాది. పావుగంట పట్టింది. నాకు కళ్ళు మసకలు కమ్మి రెండుసార్లు ఆగాను. అయ్యాక ముక్కని ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళలేదు. కుడిచేతి చూపుడువేలు మొదటి అక్షరం మీద పెట్టి, మెల్లిగా చివరిదాకా జరిపారు. ఏడాది అంకెల దగ్గర వేలు ఆగింది. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి తడిమారు. తన పేరు తెలియదా ఆయనకి?

క్షమించానంటారేమో అనుకున్నాను. తిడతారేమో అనుకున్నాను. ఏదో ఒకటి అనమని లోపల్లోపల మొక్కుకున్నాను.

అక్షరాల మధ్య ఎడం సమంగా లేదన్నారు. ఆ ముక్కని బల్ల కింద తుక్కు డబ్బాలో పడేసి, అసలు పలకని నా ముందుకి జరిపారు. నేను ముక్కు తుడుచుకుని పెన్ను తీసుకున్నాను. ఏడుసార్ల మనిషి పేరుతో మొదలుపెట్టాను. ఒక్కో పేరు అయ్యాక ఆయన వేలితో తడిమి చూసి సరే అనేవారు. మధ్యాహ్నానికి నలుగురివీ అయ్యాయి, ఎడం ఎక్కడా తప్పలేదు. వెళ్ళేముందు తుక్కు డబ్బా వంక చూశాను. ఆ ముక్క పైనే ఉంది, పేరు కనబడుతోంది. నాకిమ్మని అడుగుదామనుకున్నాను. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.